నల్లబల్ల

'కాందిశీకులు' అనే మాట పాత పత్రికల్లో తరచు కనిపిస్తుంది. దేశం విడిచి వచ్చినవాళ్ళు, శరణార్థులు అని అర్థం చెప్పుకొని ఊరుకొంటాం. ఇంటరులో మాకు తెలుగు చెప్పిన మాస్టారు ఒకసారి ఆ మాటను నల్లబల్ల మీద విడగొట్టి రాశారు. 'కాం దిశం' అంటే 'ఏ దిక్కుకు?' అని. భయంతో పరుగెత్తుతూ, ఏ దిక్కుకు పోదును, ఏ దిక్కుకు పోదును అని అడిగేవాడు కాందిశీకుడట. పరీక్షకు పనికివస్తుందని నోటుబుక్కులో రాసుకొన్నాను. పరీక్షలో అది రాలేదు. తరువాత రెండు మూడేళ్ళకు ఒక వెబ్‌సైటు తయారుచేసి, దానికి సెకండు ప్రైజు కూడా తెచ్చుకొని, అది ఎవరికీ పనికిరాదని తెలుసుకొన్న రోజున మాత్రం ఆ మాట గుర్తుకు వచ్చింది. ఆ సంగతే ఇక్కడ చెప్పబోతున్నాను.

2024 డిసెంబరులో తిరుపతిలోనే ఒక కాలేజీవాళ్ళు 36 గంటల పోటీ పెట్టారు. హాకథాన్ అంటారు దాన్ని. శుక్రవారం సాయంత్రం ఆరింటికి విషయం ఇస్తారు. ఆదివారం పొద్దున ఆరింటికల్లా పని పూర్తిచేసి చూపించాలి. మాది ముగ్గురి జట్టు. బి.యస్సీ. క్లాసులో ముగ్గురిదీ ఒకే బెంచీ. ఒకడిది శ్రీకాళహస్తి, ఒకడిది సత్యవేడు దగ్గరి పల్లె, నాది రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట కింద ఊరు. చీటీ తీస్తే మాకు వచ్చిన విషయం 'కాందిశీకుల పునరావాసానికి తోడ్పడే వెబ్‌సైటు'. చీటీలో ఇంగ్లీషులోనే ఉండింది. తెలుగు చేసుకొన్నది నేను.

"తిరుపతిలో కాందిశీకులు యాడుండారు రా? ఈ ఊరికి వచ్చేవాళ్ళంతా కొండెక్కి దిగి మళ్ళీ వాళ్ళ ఇండ్లకు పోయేవాళ్ళే గదా!" అన్నాడు కాళహస్తివాడు. ముగ్గురమూ నవ్వుకొన్నాము.

ఆ నవ్వు ఎంత తెలివితక్కువదో తరువాత కొంచెం చదివితే తెలిసింది. కాందిశీకులు మన తెలుగువాళ్ళకు పరాయి సంగతి కానే కాదు. రంగూను రేవులోనూ బియ్యపు మిల్లుల్లోనూ పనిచేసిన మన కోస్తావాళ్ళను బర్మాలో 'కోరంగీలు' అనేవారు. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు వేలమంది అడవుల గుండా నడిచి ఇండియా చేరారు. 1962లో నే విన్ అధికారం పట్టిన తరువాత, దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేయడంతో మరెందరో తిరిగివచ్చారు. విశాఖపట్నంలో 'బర్మా క్యాంపు' అనే పేరు అలా మిగిలిందే. తెలంగాణలో కాగజ్‌నగర్ వైపు తూర్పు బెంగాలు నుంచి వచ్చిన కుటుంబాల క్యాంపులు వెలిశాయి. ఇక శ్రీలంక సంగతి. 1964 అక్టోబరు 30న లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకే చేసుకొన్న ఒప్పందంలో, అక్కడి తేయాకు తోటల్లో తరతరాలుగా పనిచేస్తున్న భారత సంతతివాళ్ళలో 5 లక్షల 25 వేలమందిని ఇండియాకు పంపాలనీ, 3 లక్షలమందికి అక్కడే పౌరసత్వం ఇవ్వాలనీ రాసుకొన్నారు. ఇలా బర్మా నుంచీ లంక నుంచీ తిరిగివచ్చినవాళ్ళ కోసమని 1969లో మద్రాసులో రెప్కో బ్యాంకు పెట్టారు. మన బజార్లలో ఆ బోర్డు చూసినవాళ్ళు చాలామందే ఉంటారు. ఆ పేరులో తిరిగివచ్చినవాళ్ళు దాగి ఉన్నారని ఎంతమందికి తెలుసు? నాకైతే తెలియదు.

వాళ్ళు ఒప్పందం మీద వచ్చినవాళ్ళు. 1983 జూలై అల్లర్ల తరువాత యుద్ధానికి భయపడి పడవల్లో వచ్చిన శ్రీలంక తమిళుల కథ వేరు. తమిళనాడులో ఇప్పటికీ వందకు పైగా క్యాంపులున్నాయి. వాటిలో సుమారు 58 వేలమంది ఉన్నట్టు ఇటీవలి లెక్కలు. అందులో ఒక పెద్ద క్యాంపు గుమ్మిడిపూండిలో ఉంది. తడ దాటి కలకత్తా రోడ్డు మీద మద్రాసు పోయేవాళ్ళు దాని పక్కగానే పోతారు. సత్యవేడువాడికి అది పొరుగూరు లాంటిది. అయినా ఆ శుక్రవారం రాత్రి వాడికి కూడా ఆ ఆలోచన రాలేదు. మేము కాందిశీకులను టీవీలోనే వెతికాము.

36 గంటల్లో ఏం చేశామో చెబుతాను. తెరవగానే నిండా ఒక ఫోటో, ముళ్ళతీగ వెనక ఒక బిడ్డ మొహం. దాని కింద ఒక ఫారం. పేరు, తండ్రి పేరు, వయసు, మతం, పుట్టిన ఊరు, శాశ్వత చిరునామా, ఏ దేశం నుంచి వచ్చారు, ఎందుకు వచ్చారు, కుటుంబంలో ఎవరైనా చనిపోయారా, ఇప్పుడున్న చోటు, ఫోను నంబరు, ఫోటో. మొత్తం 31 ప్రశ్నలు. అవన్నీ నింపితే లోపల పట్టికలో చేరతాయి. పట్టిక నుంచి రంగురంగుల బొమ్మలు గీసేటట్టు చేశాము. ఏ జిల్లాలో ఎంతమంది, ఆడవాళ్ళు ఎంత, పిల్లలు ఎంత అని. న్యాయనిర్ణేతలకు ఆ బొమ్మలు తెగ నచ్చాయి. "డేటా చాలా చక్కగా పట్టారు" అన్నారు. సెకండు ప్రైజు ఇచ్చారు. ఆదివారం పొద్దున రైల్వే స్టేషను ఎదురుగా ఇడ్లీ తింటూ మేము ముగ్గురమూ ప్రపంచాన్ని ఉద్ధరించినంత సంబరపడ్డాము.

2025 సంక్రాంతి సెలవుల్లో సత్యవేడువాడు మమ్మల్ని వాళ్ళ ఊరికి పిలిచాడు. వాళ్ళింటికి సున్నం రంగులు వేస్తున్నారు. రంగుల మేస్త్రీ ఒకాయన, నలభై అయిదేళ్ళుంటాయి, నిచ్చెన దిగి టీ తాగుతూ మావాడితో తమిళంలో మాట్లాడుతున్నాడు. మావాళ్ళు ఇంట్లో తమిళమే మాట్లాడతారు. కానీ ఆయన తమిళం తీరు వేరుగా ఉంది. అడిగితే, సరిహద్దు అవతల ఒక క్యాంపులో ఉంటాననీ, 1990లో పదకొండేళ్ళప్పుడు అమ్మానాన్నలతో పడవ దిగాననీ చెప్పాడు.

మాకు ఎగిరి గంతేయాలనిపించింది. 36 గంటలు కష్టపడి వెబ్‌సైటు చేశాము గానీ దాన్ని వాడవలసిన మనిషిని చూడడం అదే మొదటిసారి. ఫోను తీసి ఆయన చేతికిచ్చాము. ఫోటో రావడానికే చాలాసేపు పట్టింది, ఆ ఊళ్ళో సిగ్నలు అంతంతమాత్రం. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, రంగు అంటిన వేలు ప్యాంటుకు తుడుచుకొని, ఓపికగా కిందికి జరుపుకొంటూ పోయాడు. 'శాశ్వత చిరునామా' దగ్గర ఆగాడు.

"ఇక్కడ ఏమి రాసేది తంబీ? వచ్చినప్పుడు మన్నారు దగ్గరి మా ఊరి పేరు రాశాము. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. క్యాంపు తాత్కాలికం అన్నారు. ఆ తాత్కాలికానికి ముప్పైనాలుగేళ్ళు. నా ఇద్దరు బిడ్డలూ అందులోనే పుట్టారు. ఇందులో శాశ్వతం ఏది?"

మేము జవాబు చెప్పలేదు. ఆయన చివరిదాకా చూసి ఫోను తిరిగి ఇచ్చేశాడు. కోపం ఏమీ లేదు ఆయన మొహంలో.

"పడవ దిగినప్పటి నుంచి నా పేరు ఎంతమంది రాసుకొన్నారో లెక్కలేదు తంబీ. రాసుకొన్నవాళ్ళు మంచివాళ్ళే. మీరూ మంచివాళ్ళే. రాసుకొనిపోయి, ఇదీ అయింది అని తిరిగివచ్చి చెప్పినవాళ్ళు తక్కువ. ఇందులో మీరు నన్ను అడిగేవి 31 ఉన్నాయి. నేను మిమ్మల్ని అడిగేది ఎక్కడుంది?"

ఏమి అడగాలని ఉంది అన్నా, అన్నాడు మావాడు. పెద్దకూతురు ఆ ఏడే ప్లస్ టూ రాస్తున్నదట. కాలేజీలో చేరడానికి ఏ కాగితాలు కావాలి, క్యాంపు గుర్తింపు కార్డు చాలునా, ఏ ఆఫీసులో ఏ సంతకం కావాలి, ఆ ఆఫీసు ఏ రోజు తెరిచి ఉంటుంది అని. ఒక్కొక్క ప్రశ్నకూ ఒక్కొక్క రోజు పని మానుకొని తిరగాలి. తిరిగితే రేపు రమ్మంటారు. రేపు అంటే ఇంకొక రోజు కూలి.

మా వెబ్‌సైటులో దానికి జవాబు లేదు. జవాబు మాట అటుంచండి, ఆ ప్రశ్నకు చోటే లేదు.

ఆ రాత్రి మిద్దె మీద పడుకొన్నానే గాని నిద్ర పట్టలేదు. నా కడుపులో తిప్పింది ఆయన మాట ఒక్కటే కాదు. ఇవన్నీ నాకు ముందే తెలుసు. మూడేళ్ళ కిందట నేనే అనుభవించాను. అయినా చీటీ చేతికి వచ్చిన గంటలో అంతా మరిచిపోయి, రిజిస్టరు పుచ్చుకొన్నవాడి వైపు పోయి కూర్చున్నాను.

2021 నవంబరు వానలు చిత్తూరు జిల్లావాళ్ళు ఎవరూ మరిచిపోయి ఉండరు. 18వ తేదీన తిరుపతి వీధులు ఏరులైనాయి. మరునాడు కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేటి ఒడ్డున రాజంపేట వైపు ఊళ్ళు కొట్టుకుపోయాయి. ఆ వార్త విని గుండెలు అరచేత పెట్టుకొని ఉండగానే, 21వ తేదీన మా రాయలచెరువు కట్టలోనుంచి నీళ్ళు ఊరుతున్నాయని తెలిసింది. శ్రీకృష్ణదేవరాయల కాలం నాటిదని పెద్దలు చెప్పుకొనే చెరువది. కింద ఊళ్ళన్నీ ఖాళీ చేయమని దండోరా వేశారు. అప్పుడు నేను ఇంటరు ఫస్టియరు.

మా అవ్వ కదలనంది. "ఆవుల్ని ఇడిసిపెట్టి నేను రాను. మీరు పోండి నాయినా, నేనీడే ఉంటా" అని గాట పట్టుకొని కూర్చుంది. నాయన పలుపులు విప్పి రెండు ఆవుల్నీ పెయ్యనూ మెట్ట మీదికి తోలివచ్చాడు. అప్పుడు గాని అవ్వ బస్సెక్కలేదు. ఎక్కేముందు వెనక్కి తిరిగి, "ఇప్పుడు యాడికి రా పోతాండాము?" అని నన్ను అడిగింది. ఎవరికి తెలుసు? ఎక్కమన్నారు, ఎక్కాము. కాం దిశం?

ఒక బడికి చేర్చారు మమ్మల్ని. అన్నం పెట్టారు, దుప్పట్లు ఇచ్చారు, ఆ విషయంలో ఏ లోటూ చెప్పకూడదు. పేర్లు రాసుకొనేవాళ్ళు ఒకరి తరువాత ఒకరు వచ్చారు. మా అవ్వ పేరు మూడు రిజిస్టర్లలో మూడు విధాలుగా పడింది. రాసుకొనే ప్రతివాణ్ణీ అవ్వ ఒక్కటే అడిగింది. "కట్ట నిలిచిందా నాయినా?" ఆ సంగతి వాళ్ళకూ తెలియదు. తెలిసినవాడికి రిజిస్టరు పని లేదు, రిజిస్టరు ఉన్నవాడికి ఆ సంగతి తెలియదు. ఒకడు తెగింది అంటాడు, ఇంకొకడు తెల్లవారితే తెగుతుంది అంటాడు, ఫోనులో ఎవరో పాత వీడియో చూపిస్తారు. పిల్లలు ఏడుస్తున్నారు. ఆడవాళ్ళు ఏడుస్తున్నారు.

రాత్రి ఎనిమిదింటికి ఎన్నెస్సెస్ కుర్రవాడొకడు, ఏ కాలేజీవాడో నాకు తెలియదు, ఒక క్లాసురూములో నల్లబల్ల తుడిచి చాక్‌పీసుతో రాశాడు. 'రాత్రి 8 గంటలు. కట్ట నిలిచే ఉంది. ఇసుక మూటలు వేస్తున్నారు. కట్ట మీద నుంచి ఇప్పుడే వచ్చిన లారీ డ్రైవరు చెప్పాడు. పశువుల సంగతి ఇంకా తెలియదు. 10 గంటలకు మళ్ళీ రాస్తాను.' అంతే. పది గంటలకు వచ్చి తుడిచి మళ్ళీ రాశాడు. చెప్పడానికి కొత్త సంగతి లేకపోతే 'కొత్త సంగతి లేదు' అని రాశాడు. అవ్వకు చదువు రాదు. ప్రతిసారీ నా చేత చదివించుకొనింది. పన్నెండింటికి చదివించుకొని, "ఆ పిల్లోడు మళ్ళా రెండింటికి రాస్తాడు గదా, అప్పుడు లేపు" అని చెప్పి నిద్రపోయింది. ఆ రాత్రి ఆ బడిలో నిద్రపోయిన మొదటి మనిషి మా అవ్వే ననుకొంటాను.

కట్ట తెగలేదు. ఇంటికి చేరాము. ఆవులు దొరికాయి, పెయ్య దొరకలేదు.

రిజిస్టరు అక్కరలేదని నేననను. ఎంతమందికి అన్నం వండాలి, ఎన్ని బస్సులు కావాలి అన్నదానికి రిజిస్టరు ఉండవలసిందే. కానీ రిజిస్టరు రాసుకొనేవాడి అవసరం. నల్లబల్ల చదువుకొనేవాడి అవసరం. మేము 36 గంటలు కూర్చొని, ప్రపంచంలో ఇప్పటికే ఉన్న రిజిస్టర్లకు తోడు ఇంకొక అందమైన రిజిస్టరు చేశాము.

తిరుపతి వచ్చాక, ఇటువంటి పని తొందరగా చేసినవాళ్ళు ఇంకెవరున్నారా అని వెతికి చదివాము. మా వయసువాళ్ళే ఉన్నారు. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగితే, అమెరికాలో హార్వర్డ్ విద్యార్థులు ఆవి షిఫ్‌మన్, మార్కో బర్‌స్టీన్ అనే ఇద్దరు కొన్ని రోజుల్లోనే 'ఉక్రెయిన్ టేక్ షెల్టర్' అనే సైటు తయారుచేశారు. ఇంట్లో చోటు ఇవ్వదలచినవాళ్ళు తమ వివరాలు రాస్తారు. పారిపోయి వచ్చినవాళ్ళు దగ్గరి ఊరిపేరు కొట్టి ఎవరింట్లో చోటుందో చూసుకొని వాళ్ళే ఫోను చేసుకొంటారు. అంటే వివరాలు ఇవ్వవలసినవాడు చోటు ఇచ్చేవాడు, అడిగేవాడు కాదు. అది చదివి నేను నుదురు కొట్టుకొన్నాను. మాది సరిగ్గా తలకిందులు. అయితే వాళ్ళకూ తొందరలో ఒక పొరపాటు జరిగింది. చోటు ఇస్తామన్నవాడు ఎలాంటివాడో మొదట్లో గట్టిగా పరీక్షించే ఏర్పాటు లేదు. ఒంటరి ఆడవాళ్ళూ పిల్లలూ దుర్మార్గుల పాలపడతారేమోనని తెలిసినవాళ్ళు హెచ్చరించారు. తరువాత జాగ్రత్తలు పెంచారు. చెయ్యి తొందరపడితే తొందరపడవచ్చు, తలుపు ఎవరికి తెరుస్తున్నామో చూడడంలో తొందర కూడదని దీనివల్ల తెలుస్తుంది.

రెండోది రోహింగ్యాల సంగతి. బర్మా నుంచి బంగ్లాదేశ్‌కు పారిపోయినవాళ్ళకు రేషను కార్డుల కోసమని పేర్లూ ఫోటోలూ వేలిముద్రలూ తీసుకొన్నారు. అలా చేరిన వివరాల్లో కనీసం 8 లక్షల 30 వేలమందివి, వాళ్ళు ఏ ప్రభుత్వానికి భయపడి పారిపోయారో ఆ ప్రభుత్వానికే చేరాయని 2021 జూన్‌లో హ్యూమన్ రైట్స్ వాచ్ వెల్లడించింది. అంగీకారం తీసుకొనే చేశామని ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ జవాబు చెప్పింది. అడిగినప్పుడు మాకు సరిగా అర్థంకాలేదని క్యాంపులో కొందరు అన్నారు. ఎవరి మాట ఎంత అన్నది తేల్చడానికి నేను చాలను. నాకు తోచింది ఒక్కటే. 1951 నాటి శరణార్థుల ఒడంబడిక మీద ఇండియా సంతకం చేయలేదు. అటువంటిచోట డిగ్రీ పిల్లలు ముగ్గురు, ఒక మనిషి మతమూ ఊరూ ఫోటోా తెచ్చి ఒక ఉచిత సర్వరులో పెట్టడానికి ఏం అర్హత ఉంది? మా పట్టికకు మేము పెట్టిన పాస్‌వర్డు మా క్లాసురూము నంబరు.

మూడోది కేరళ. 2018 ఆగస్టు వరదల్లో అక్కడి ఐ.టి. మిషనూ, విద్యార్థులూ ఇంజనీర్లూ కలిసి 'కేరళ రెస్క్యూ' అనే సైటు నడిపారు. దాని విశేషం సైటులో కంటే దాని వెనక కూర్చున్నవాళ్ళలో ఉంది. సాయం అడిగినవాళ్ళకు తిరిగి ఫోను చేసి, అందిందా, ఇంకా అందలేదా అని కనుక్కొన్న వాలంటీర్లే దానికి ప్రాణం.

ఇవన్నీ చూశాక మొదటిదాన్ని పూర్తిగా తీసేశాము. పట్టికలో పోటీకోసం మేము కల్పించి నింపిన పేర్లే ఉన్నాయి గనుక ఎవరికీ నష్టం లేదు. రెండోది మూడు రోజుల్లో చేశాము. ఈసారి ప్రశ్నలు మేము రాయలేదు. మేస్త్రీ అన్న దగ్గర కూర్చొని, ఆయనా ఆయన పక్కింటివాళ్ళూ ఏం అడుగుతారో అది రాసుకొన్నాము. ప్రశ్నలు పద్నాలుగు వచ్చాయి. కాలేజీ కాగితాలు, పుట్టిన సర్టిఫికెట్టు, బ్యాంకు ఖాతా, తిరిగి లంకకు పోదలచినవాళ్ళు ఎవరిని కలవాలి, 2021 ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం కట్టిస్తామన్న 7,469 ఇళ్ళలో తమ వరస ఎప్పుడు. జవాబుల కోసం ఆఫీసులకు పోయాము, ఫోన్లు చేశాము. పేజీ అంతా తమిళంలోనే. రాసినవాడు సత్యవేడువాడు, దిద్దింది మేస్త్రీ అన్న కూతురు.

మూడు కట్టుబాట్లు పెట్టుకొన్నాము. ఒకటి, చదవడానికి వచ్చినవాణ్ణి ఏమీ అడగకూడదు. పేరు కూడా. రెండు, ప్రతి జవాబు కిందా ఏ తేదీన, ఏ విధంగా కనుక్కొన్నామో రాయాలి. తెలియకపోతే 'ఇంకా తెలియదు' అని రాయాలి. మూడు, బొమ్మలు ఉండకూడదు. మూడోది ఎందుకో లెక్కచేసి చూపిస్తాను, సైన్సు విద్యార్థులం గదా. మా మొదటి పేజీ బరువు 3 మెగాబైట్లు. సిగ్నలు సరిగాలేని చోట సెకనుకు 100 కిలోబిట్లు వస్తుందనుకొంటే, అది తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు. రెండో పేజీ 40 కిలోబైట్లు. మూడు సెకన్లు. ముళ్ళతీగ వెనక బిడ్డ ఫోటో తీసేయడం వల్ల మిగిలిన కాలమే అందులో ఎక్కువ. ఆ ఫోటో చూడవలసిన అవసరం క్యాంపులో ఉన్నవాడికి లేదు గదా.

రెండోదానికి ప్రైజు రాలేదు. ఎక్కడా చూపించలేదు కూడా. క్యాంపులో ఒకరి ఫోనులోనుంచి ఒకరికి పోయింది. మేస్త్రీ అన్న కూతురు బి.కాం.లో చేరింది. మా పేజీ వల్ల చేరిందని చెప్పను, ఆ పిల్ల మార్కుల వల్ల చేరింది. వాళ్ళ నాన్న మాత్రం "రెండు రోజుల కూలి మిగిలింది తంబీ" అన్నాడు.

ఇంతటితో ఆపితే బాగానే ఉంటుంది గాని, అది నిజాయితీ కాదు. పోయిన సెప్టెంబరులో మాకు ఇంటర్నల్ పరీక్షలు వచ్చి ఐదు వారాలు ఆ పేజీ వైపు చూడలేదు. ఈలోగా ఒక ఆఫీసు శనివారం తెరవడం మానేసింది. మా పేజీలో మాత్రం 'శనివారం మధ్యాహ్నం దాకా' అని అలాగే ఉంది. ఒక ముసలాయన దాన్ని నమ్మి, రెండు బస్సులు మారి పోయి, తాళం చూసి తిరిగివచ్చాడు. ఆ సంగతి మేస్త్రీ అన్న ఫోనులో చెప్పినప్పుడు, ఆయన గొంతులో ఆ సంక్రాంతి నాటి నెమ్మదే ఉంది. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. కబురులేని నల్లబల్ల కంటే పాత కబురున్న నల్లబల్ల అన్యాయం. ఖాళీగా ఉంటే మనిషి ఇంకొకరిని అడుగుతాడు. రాసి ఉంటే నమ్ముతాడు.

ఇంటికి పోయినప్పుడు నాయనకు చెప్పాను. ఆయనకు వెబ్‌సైటంటే ఏమో తెలియదు. అంతా విని, "ఆవును కొనేది ఒక పూట పని రా. మేపేది నిత్యం పని. కొనేటప్పుడు అందరూ వస్తారు" అన్నాడు. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం పొద్దున ఒక గంట, ముగ్గురిలో ఒకరం, పద్నాలుగు జవాబులూ తిరిగి కనుక్కొని తేదీ మారుస్తున్నాము. మార్చలేకపోతే ఆ జవాబు తీసేసి 'ఇంకా తెలియదు' అని పెడుతున్నాము.

మిత్రులారా, ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి మా ఫైనలియరు పరీక్షలు దగ్గరపడతాయి. తరువాత మేము ముగ్గురమూ మూడు దిక్కులకు పోతాము. కాళహస్తివాడు బెంగుళూరు అంటున్నాడు. నాకు ఎమ్మెస్సీ సీటు వస్తే ఇక్కడే, లేకపోతే ఊళ్ళో చెరుకుతోట. పేజీ మాత్రం ఎవరూ తుడవకపోయినా అక్కడే ఉంటుంది, ఆఖరి ఆదివారం రాసిన తేదీతో. ఏడాది తరువాత ఎవరో ఒక ముసలాయన దాన్ని నమ్ముతాడు. అలా జరగనీయడం కంటే మేలోనే దాన్ని తీసేసిపోవడం మేలు. తీసేయాలని ముగ్గురమూ అనుకొన్నాము కూడా. మేస్త్రీ అన్నకు చెప్పలేకపోయాము.

కాబట్టి సెకండియరువాళ్ళను అడుగుతున్నాను. ఇద్దరు చాలు, ముగ్గురైతే మేలు. ఒకరికి తమిళం చదవడం రాయడం వచ్చి ఉండాలి. సత్యవేడు, నగరి, కుప్పం వైపువాళ్ళు మన కాలేజీలో కావలసినంతమంది ఉన్నారు. ప్రోగ్రామింగ్ పెద్దగా రానవసరం లేదు, అది ఒక పూటలో నేర్పిస్తాము. కావలసింది ఆదివారం పొద్దున ఒక గంట, ఫోనులో మర్యాదగా మాట్లాడే నోరు, తెలియనిదాన్ని తెలియదని రాసే ధైర్యం. ప్రైజులేవీ ఉండవు. ఫైనలియరు కంప్యూటర్స్ క్లాసులో ఎడమవైపు ఆఖరి బెంచీ మాది. మధ్యాహ్నం అన్నం వేళ వస్తే ముగ్గురమూ అక్కడే ఉంటాము.